ఒక్కమాట మేస్త్రి బండి బేరం

ఆ వీధిలో లేత్ షెడ్లు నాలుగు ఉన్నాయి గానీ, మేస్త్రి అంటే మాత్రం ఒక్కడే. అతన్ని అందరూ ఒక్కమాట మేస్త్రి అంటారు. అరిగిన షాఫ్టో, పగిలిన బుష్షో పట్టుకుని ఎవరైనా వస్తే, దాన్ని చేతిలో రెండుసార్లు తిప్పి చూసి, సుద్దముక్కతో దాని మీదే ధర రాసేస్తాడు. రాశాక ఇక అంతే. తగ్గించమంటే వస్తువు వెనక్కి ఇచ్చేస్తాడు. అనుకున్నదానికి రెట్టింపు పని పట్టినా, పైన ఒక్క పైసా అడగడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తీరు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అని జనం నవ్వుకునేవారు, పని పడితే మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కేవారు. బేరమాడక్కర్లేని చోట మోసం ఉండదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసుకుని మేస్త్రికి కాస్త కాదు, బాగానే గర్వం.

అలాంటి మనిషి సొంత బండి అమ్ముకోవలసి వచ్చినప్పుడు చేసిన నిర్వాకం ఇది. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పాలి.

ముందు ఆ బండి సంగతి తెలియాలి. పదకొండేళ్ళ క్రితం ఇనుప కడ్డీల లారీ ఒకటి పక్కనుంచి రాసుకుపోయి మేస్త్రి కుడి మోకాలు నుజ్జయింది. డాక్టర్లు కాలైతే నిలబెట్టారు, మడత మాత్రం పోయింది. అప్పటినుంచి ఆ కాలు కర్రలా చాపుకునే ఉంటుంది. స్కూటరు ఎక్కుదామంటే ముందు రేకు అడ్డం, చాపిన కాలు పెట్టుకునే చోటే లేదు. మామూలు మోటారుసైకిలు ఎక్కుదామంటే వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది, వంగని కాలుతో అక్కడ పాదం ఎలా పెడతాడు? పక్క చక్రాలు పెట్టించుకోమని ఆసుపత్రిలో ఎవరో సలహా ఇస్తే, "పోయింది మోకాలు, నేను కాదు" అన్నాడట.

మామూలు మోటారుసైకిలే ఒకటి కొని, పద్నాలుగు నెలల పాటు, షెడ్డు పని అయ్యాక రోజూ ఆ బండి ముందు కూర్చున్నాడు. సీటుని నాలుగు వేళ్ళ మందం కోసి దించాడు, వంగని కాలుని అటు పక్కకి వేయడానికి వీలుగా. కుడివైపు ముందుకి పొడుచుకొచ్చేలా ఒక ఇనుప ఆసరా వెల్డింగ్ చేశాడు, మడమ జారకుండా దానికి ఒక అంచు కట్టాడు. కిక్కు రాడ్డు పీకేసి బటన్ స్టార్టు పెట్టాడు. అన్నిటికన్నా పెద్ద పని బ్రేకు. కుడిచేతి లివరు ఒక్కటే. కాస్త నొక్కితే వెనక చక్రాన్ని పట్టుకుంటుంది, ఇంకాస్త నొక్కితే అప్పుడు ముందు చక్రాన్ని కూడా పట్టుకుంటుంది. ఆ రెండు చక్రాల బ్రేకు తీగలకీ బలం సరిగ్గా పంచడానికి మధ్యలో అరచేతిలో ఇమిడేంత ఇత్తడి ముక్క ఉంది. దాన్ని ఏడుసార్లు చేశాడు. ఆరు పారేశాడు. ఏడోది బిగించాక తొమ్మిదేళ్ళకు పైగా తిరిగాడు, ఒక్కసారి కూడా బండి జారలేదు.

ఇప్పుడు ఎడమ తుంటి అరిగింది. ఇన్నాళ్ళూ రెండు కాళ్ళ చాకిరీ అదొక్కటే చేసింది మరి, అరగదూ? బండి ఆగినప్పుడు నేల మీద ఆనించే కాలు అదే. ట్రాఫిక్ లైటు దగ్గర రెండుసార్లు బండితో సహా పక్కకి ఒరిగిపోయాడు. రెండోసారి వెనక సీటు మీద భార్య ఉంది. ఆమె మర్నాడు తాళంచెవి తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసి, "ఇక చాలండీ" అంది. మేస్త్రి మూడు నెలలు బండికి గుడ్డ కప్పి ఉంచాడు. చివరికి అమ్మేద్దామన్నాడు.

డబ్బుకి కరువొచ్చి కాదు. షెడ్డు నడుస్తోంది, ఇల్లు గడుస్తోంది. మేస్త్రి ఆశ వేరు. తన చేతి పని తెలిసినవాడొకడు దొరకాలి, అడిగిన ధర ఇవ్వాలి, తీసుకెళ్ళి దాని మీద తిరగాలి. తను ఎక్కకపోయినా ఆ బండి రోడ్డు మీద కనిపించాలి. అంతకు మించి అతనికేమీ అక్కర్లేదు.

ధర తేల్చడానికి రెండు రోజులు పట్టింది. తన కూలి లెక్కేస్తే లక్ష దాటింది. తనకే నవ్వొచ్చింది. కూలి పక్కన పెట్టేసి, బండి ఖరీదూ, కొన్న సరుకూ మాత్రమే చూసుకుని నలభై ఐదు వేలని ట్యాంకు మీద సుద్దతో రాశాడు. బామ్మర్ది దాన్ని ఫొటో తీసి ఫోన్లో పెట్టాడు. ఈ బామ్మర్ది ఇళ్ళు అద్దెకి కుదిర్చే బ్రోకరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కూడా చిన్నప్పటి నేస్తంలా మాట్లాడేస్తాడు. అమ్మకంలో నూటికి రెండు తనవని ముందే ఒప్పించుకున్నాడు. "చుట్టరికం చుట్టరికమే బావా, కమీషను కమీషనే" అన్నాడు నవ్వుతూ.

మొదట వచ్చినవాడు పాత బండ్ల షాపు యజమాని. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇనుప ఆసరాని బూటు కాలితో తట్టాడు.

"ఇదేంటి మేస్త్రీ, దారిలో కాళ్ళు చాపుకుని కునుకు తీయడానికా?"

మేస్త్రి ఓపిగ్గా అంతా చెప్పాడు. సీటు ఎందుకు దించాడో, బ్రేకు ఎలా పట్టుకుంటుందో లివరు నొక్కి మరీ చూపించాడు. షాపాయన ఫోను చూసుకుంటూ విన్నాడు.

"బాగుంది, కాదన్ను. కానీ ఇవన్నీ పీకి కంపెనీ సామాన్లు బిగించాలంటే నాకు ఆరువేలు వదులుతుంది. మామూలు బండైతే పాతిక ఇచ్చేవాణ్ణి. పాతికలోంచి ఆరు పోతే పంతొమ్మిది."

"మరి నేను పెట్టినవాటికి?"

"అదే కదా చెప్తున్నా. మీరు పెట్టినవాటికే ఆ ఆరూ పోయింది. ముట్టుకోకుండా ఉంచి ఉంటే బాగుపడేవారు."

షాపాయన పోయాక మేస్త్రి చాలాసేపు లేత్ మిషను ఆన్ చేయలేదు. "గాడిదకేం తెలుసు గంధపు వాసన, వదిలేయండి" అని భార్య సర్దిచెప్పింది. ఎక్కడ వదులుతాడు? ఆ వారంలో మరో ఇద్దరు వచ్చారు. ఒకడు కొంటాను గానీ ముందు ఆ కుంటి సామాను తీసేయమన్నాడు. రెండోవాడు బండెక్కి, సీటు మీద ఊగి, నవ్వాపుకోలేక దిగిపోయాడు. వారం తిరిగేసరికి మేస్త్రి మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. పంతొమ్మిది అనే మాట చెవిలో చీమలా దూరింది.

అప్పుడు ఫోను చేశాడు మందులాయన. మందుల ఏజెన్సీలో పనట. షాపుషాపుకీ తిరిగి ఆర్డర్లు రాసుకొచ్చే ఉద్యోగం.

"ఫొటోలో ఆ కాలి ఆసరా చూశానండీ. నాది కూడా కుడికాలే. వంగదు. నలభై ఐదే కదా? అక్కడికొచ్చాక మాట మారదు కదండీ? రెండు బస్సులు మారి రావాలి, అందుకని అడుగుతున్నా."

"నా మాట సంగతి మా వీధిలో ఎవరినైనా అడగండి" అన్నాడు మేస్త్రి. చాలా రోజుల తర్వాత అతని గొంతులో హుషారు పలికింది.

ఆదివారం పది గంటలకి వచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే ఆ నడక చూసి మేస్త్రి గుర్తుపట్టాడు. తుంటి ఎగరేసి కాలుని ముందుకి విసిరే నడక. తనని తాను అద్దంలో చూసుకున్నట్టయింది. మనిషికి నలభై కూడా ఉండవు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర, జేబులో మడిచిన డబ్బు కవరు.

కూర్చోబెడితే తన కథ చెప్పుకొచ్చాడు. ఏడాదిన్నర క్రితం యాక్సిడెంటు. ఏజెన్సీవాళ్ళు జాలిపడి గోడౌన్లో పెట్టెలు లెక్కపెట్టే పనిలో కూర్చోబెట్టారు, సగం జీతానికి. ఇప్పుడు ఆ జాలి అయిపోయింది. ఒకటో తారీకునుంచి మళ్ళీ తన లైను తను తిరగాలి, సొంత బండి మీద. కుదరకపోతే వేరే దారి చూసుకోవాలి. ఒకటో తారీకు ఇంకా పదకొండు రోజులుంది.

"ముందు ఎక్కి చూడండి" అన్నాడు మేస్త్రి.

సీటు కిందికి ఉండడంతో కాలు ఒక్క విసురుకే అటుపక్కకి వెళ్ళిపోయింది. మడమ ఆసరా అంచులో కూర్చుంది. బండి కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు, ఆగుతాడనుకుంటే ఆగలేదు, మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి కూడా వెళ్ళాడు. షెడ్డు పక్కనే ఇంటి గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి భార్య నవ్వేసింది. "పాపం, దిగబుద్ధి కావట్లేదండీ ఆయనకి" అంది. మేస్త్రికి తన సంగతి గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ క్రితం తను మొదటిసారి ఎక్కిన రోజు ఇలాగే తిరిగాడు.

దిగాక మందులాయన బండిని పట్టుకుని పక్కకి ఒంగి, తీగల వెంట వేలు పోనిచ్చి, ఇత్తడి ముక్క దగ్గర ఆగాడు.

"ఇది ఎన్నిసార్లు చేశారండీ?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. "ఏడు" అన్నాడు మేస్త్రి.

"అనుకున్నా. నేను మూడు షెడ్లు తిరిగాను. ఒకాయన చేస్తానని డబ్బు తీసుకుని ఏదో బిగించాడు, మొదటి రోజే పడ్డాను. నిజం చెప్తున్నా మేస్త్రిగారూ, దీనికి లక్ష పెట్టినా తక్కువే."

అదీ అతను చేసిన తప్పు. కొనడానికి వచ్చినవాడు వస్తువుని తిట్టాలి. గీత చూపించాలి, చప్పుడు చేస్తోందనాలి, పెదవి విరవాలి. ఈ మాత్రం తెలివి చీపురు కొనేవాడికి కూడా ఉంటుంది. ఈ మారాజు మనసులో ఉన్నమాట అనేశాడు!

బామ్మర్ది వెంటనే మేస్త్రి మోచెయ్యి పట్టుకుని లేత్ మిషను వెనక్కి లాక్కెళ్ళాడు.

"విన్నావా బావా? లక్ష అన్నాడు, వాడి నోటితోనే. వాడికి ఇది తప్ప ఇంకోటి దొరకదు. పైగా ఒకటో తారీకు తరుముతోంది. అరవై ఐదు అను."

"సుద్దతో రాసేశాను కదరా."

"సుద్దతోనే కదా, ఉలితో చెక్కావా ఏంటి?"

ఇంకో రోజైతే మేస్త్రి వాణ్ణి రెండు తిట్టి పంపేవాడు. కానీ ఆ వారమంతా అతనికి మంటగానే ఉంది. ఇప్పుడేమో లక్ష అనే మాట తేనెలా దిగింది లోపలికి. తెలిసినవాడి కంటికి ఇది లక్ష చేసే సరుకు అయినప్పుడు, నలభై ఐదుకి ఇచ్చేస్తే తన పనిని తనే తక్కువ చేసుకున్నట్టు కాదూ? అరవై ఐదంటే లక్షలో ముప్ఫై ఐదు వదులుకున్నట్టే కదా, అంటే మేలు చేస్తున్నట్టే కదా? మనసు ఒక్కసారి దారి తప్పాలే గానీ, దానికి లెక్కలు ఎవరూ నేర్పక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. పంతొమ్మిది అన్నవాడిని ఏమీ అనలేక, లక్ష అన్నవాడి మీద తీర్చుకున్నాడు.

బయటికొచ్చి ట్యాంకు మీది సుద్ద రాతని అరచేత్తో తుడిచేశాడు.

"అరవై ఐదు" అన్నాడు.

మందులాయన వేళాకోళం అనుకుని నవ్వాడు. అప్పటికే జేబులోంచి కవరు తీశాడు పాపం. ఎవరూ నవ్వకపోయేసరికి అతని నవ్వు ఆగింది.

"ఫోన్లో నలభై ఐదు అన్నారు కదండీ."

"అప్పుడు మీరు బండి చూడలేదు. ఇప్పుడు చూశారు. మీరే కదా లక్ష అన్నారు."

"విలువ చెప్పానండీ. నా దగ్గర ఉందని కాదు."

"ఇలాంటి బండి ఊరంతా వెతికినా ఇంకోటి దొరకదు సార్" అని బామ్మర్ది అందుకున్నాడు. "మీకే తెలుసు కదా. రేపు ఇంకెవరైనా ఎగరేసుకుపోతే తర్వాత మీరే బాధపడతారు."

మందులాయన బామ్మర్ది వైపు చూడనేలేదు. మేస్త్రి కాలు చూశాడు, తన కాలు చూసుకున్నాడు. "మీకు తెలిసి కూడా..." అని ఏదో అనబోయి ఆపేశాడు. కవరు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే మేస్త్రి భార్య టీ గ్లాసుతో వచ్చింది. "బస్సు వెళ్ళిపోతుందమ్మా" అని రెండు చేతులూ జోడించి, కర్ర తీసుకుని కదిలాడు.

కాళ్ళు బాగున్నవాడైతే విసవిసా నడిచి కంటికి కనిపించకుండా పోయేవాడు. ఇతనికి ఆ వీలు కూడా లేదు. వీధి మలుపు దాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ మేస్త్రి చూస్తూనే నిలబడ్డాడు. పిలవడానికి బోలెడు సమయం ఉంది. పిలవలేదు.

"మీకేం వచ్చిందండీ ఇవాళ?" అంది భార్య, టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"మళ్ళీ వస్తాడులే. ఎక్కడికి పోతాడు?" అన్నాడు మేస్త్రి. బామ్మర్ది మాటలు అప్పుడే అతని నోటికి అలవాటయ్యాయి.

"నా తమ్ముడికి సిగ్గు లేదని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మీకు ఉందనుకున్నా" అని ఆమె ఆ టీని మొక్క మొదట్లో పారబోసి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు ఫోను మోగింది.

"మేస్త్రిగారూ, యాభై రెండు దాకా కుదిర్చానండీ. మా అన్నయ్య ఏడు ఇస్తానన్నాడు. అంతకు మించి నా వల్ల కాదు. మీరు సరేనంటే రేపే వస్తాను."

సరే అందామని మేస్త్రి మనసు ముందుకి దూకింది. నాలుక రాలేదు. బామ్మర్ది పొద్దున్నే వీధంతా టాంటాం వేసి ఉన్నాడు, బావ బండి అరవై ఐదని. టీ కొట్టు దగ్గర, పక్క షెడ్డులో, అందరికీ ఆ అంకె తెలుసు. మేస్త్రి మాట తగ్గాడంటే రేపు ప్రతి బుష్షుకీ బేరమాడతారు.

"నేను ధర తగ్గించే మనిషిని కాదండీ" అన్నాడు.

పెంచే మనిషివి మాత్రం ఎప్పుడయ్యావయ్యా అని అడగాల్సింది అవతలివాడు. అడగలేదు. "సరేనండీ" అని పెట్టేశాడు. ఆ మర్యాద మేస్త్రికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. అయినా మర్నాడు మళ్ళీ చేస్తాడని ఎదురుచూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, మిషను చప్పుడులో వినబడదేమోనని మాటిమాటికీ తీసి చూసుకున్నాడు. రెండు రోజులు గడిచాయి, నాలుగు గడిచాయి. ఒకటో తారీకు కూడా వెళ్ళిపోయింది.

నాలుగో తారీకు పొద్దున భార్య తాళంచెవి తెచ్చి అన్నం బల్ల మీద అతని ముందు పెట్టింది.

"వెళ్ళి ఇచ్చి రండి. నలభై ఐదుకే ఇవ్వండి. ఆయన దగ్గర అంత లేకపోతే ఉన్నంతే తీసుకోండి. లేకపోతే నేను వెళ్తాను."

మేస్త్రి ఫోను చేసే ధైర్యం లేక మనిషే బయల్దేరాడు, రెండు బస్సులు మారి. బస్సు మెట్టు ఎక్కడానికి అరిగిన తుంటి ఒప్పుకోలేదు. కండక్టరు చంకల కింద చేతులు వేసి ఎక్కించాడు. ఏజెన్సీ దగ్గర దిగి అడిగితే, "ఆయన నెలాఖరుకే మానేశాడండీ" అని గుమాస్తా ఇంటి గుర్తులు చెప్పాడు.

రెండు గదుల వాటా. ముందు గది నిండా కాగితాలు. మందులాయన, అతని భార్య కింద కూర్చుని మందుల షాపులవాళ్ళు మాత్రలు వేసిచ్చే చిన్న కవర్లు అంటిస్తున్నారు. వంగని కాలు గోడ దాకా చాపుకుని ఉంది, ఆ కాలి మీదే ఆరబెట్టిన కవర్లు వరసగా ఉన్నాయి. మేస్త్రిని చూసి ఆ కవర్లన్నీ తీసి పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. ఉన్న ఒక్క కుర్చీ అతనికే వేశాడు.

"బండి మీదే" అన్నాడు మేస్త్రి, కూర్చోకుండానే. "నలభై ఐదుకే. లేదా మీరు ఎంతంటే అంత. నేనే తెచ్చి ఇస్తాను."

"ఇప్పుడు బండితో ఏం పనండీ? నా లైను వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

"ఇంకో ఏజెన్సీలో..."

"అడుగుతున్నాను. బండి ఉందా అంటారు. ఉందంటే, నడపగలవా అంటారు. చేస్తున్న ఉద్యోగం నిలబెట్టుకోవడం వేరు, ఈ కాలుతో కొత్తది అడగడం వేరు. మీకు తెలియంది ఏముంది?" అతని గొంతులో కోపం లేదు. వేళ్ళకి అంటిన జిగురు గీరుకుంటూ అన్నాడు, "మేస్త్రిగారూ, ఒక్క మాట అడగనా? ఆ రోజు నేను రెండు కాళ్ళూ బాగుండి వచ్చి ఉంటే, ఎంత చెప్పేవారు?"

మేస్త్రి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నలభై ఐదే అనేవారు. మీ మాట సంగతి ఆ రోజు వీధిలో అడిగే వచ్చాను. తగ్గించరట, పెంచరట. మిగతా ఇరవై వేలూ మీరు బండికి వేయలేదు. నా కాలికి వేశారు. కాలు సంగతి తెలియనివాడు వేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి."

"డబ్బేమీ వద్దు బాబూ. ఊరికే తీసుకో."

మందులాయన నవ్వాడు. చూడలేని నవ్వు అది. "అరవై ఐదు అన్నదీ ఈ కాలుని చూసే, ఊరికే అంటున్నదీ ఈ కాలుని చూసే. నేను రెండు బస్సులు మారి వచ్చింది బండి కొనుక్కుందామని, మేస్త్రిగారూ."

ఇంక అక్కడ ఉండి చేసేదేముంది? మేస్త్రి మంచినీళ్ళు తాగాడు, ఆ ఇల్లాలు ఇస్తే కాదనలేక. "గడప ఎత్తుగా ఉందండీ, చూసుకుని" అని ఆవిడ వెనకనుంచి హెచ్చరించింది. అతను తిరుగుదారిలో బస్సులో సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు.

ఆ తర్వాత జరిగినదానికి పెద్ద వివరం అక్కర్లేదు. పాత బండ్ల షాపాయనకి ఫోను చేశాడు. పంతొమ్మిది అన్నవాడు ఇప్పుడు పదిహేడు అన్నాడు. అది కూడా మేస్త్రి సామాను మేస్త్రే విప్పి ఇస్తేనే, విప్పడానికి తన దగ్గర మనుషులు లేరట. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడు బేరం ఏమాడతాడు? సరే అన్నాడు. పద్నాలుగు నెలల పని విప్పడానికి ఒక్క పూట చాలింది. ఆసరాని కట్టరుతో కోసేశాడు. తీగలు చుట్టచుట్టి పాత సామాన్ల మూలకి విసిరాడు. ఇత్తడి ముక్క ఇత్తడి రజను డబ్బాలో పడింది. మధ్యాహ్నం వీధిలోవాళ్ళు భోజనాలకి వెళ్ళినప్పుడు షాపువాళ్ళ వ్యాను వచ్చి బండిని ఎక్కించుకుపోయింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర పక్క షెడ్డాయన అడిగాడు. "బండి పోయినట్టుంది! ఎంతకిచ్చావు మేస్త్రీ?"

మేస్త్రి గ్లాసులోకి చూస్తూ, "అరవై ఐదు" అన్నాడు.

"మాటంటే నీదేనయ్యా!" అని అతను భుజం తట్టాడు. ఆ పూటకి ఆ మాట వీధి చివరిదాకా పాకింది.

బామ్మర్ది ఎక్కడో ఇల్లు చూపించే పని మీద ఊరెళ్ళి వారానికి తిరిగొచ్చాడు. వీధి మొదట్లోనే కబురు విని, ఎగురుకుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"నేను చెప్పలేదూ బావా! కుంటాయన చచ్చినట్టు దారికొచ్చాడన్నమాట!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

"ఆఁ. వచ్చాడు."

"మొత్తం అరవై ఐదూ ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఇవ్వక చస్తాడా? మరి నా నూటికి రెండు?"

మేస్త్రి లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. షాపాయన ఇచ్చిన నోట్లలోంచి పదమూడు వందలు తీసి, తెచ్చి బామ్మర్ది చేతిలో పెట్టాడు. వాడు వేలు తడుపుకుని లెక్కపెట్టుకుంటూ వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

"చూశావా అక్కా, ఇన్నేళ్ళకి బావ మొదటిసారి నా మాట విన్నాడు. ఎంత లాభమో!"

ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. భర్త వైపు చూడలేదు.

"లాభమేరా" అంది. "తీసుకుని వెళ్ళు."